ఆట ముందు వడ్డన

నా ఉద్యోగ జీవితంలో సాయంత్రాలన్నీ నిలబడే గడిచాయి. ఊళ్ళో ఆడవాళ్ళు దీపం పెట్టి కూర్చునే వేళకి నేను ఇస్త్రీ చీర కట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని, పెద్ద హోటలు భోజనాల హాలు తలుపు దగ్గర నిలబడి "రండి రండి" అనేదాన్ని. మొదట బెంగళూరులో కొన్ని హోటళ్ళు, చివరికి చిక్కబళ్ళాపురం దాటాక కొండ కింద కట్టిన రెస్టారెంటు. హాలు మేనేజరుగా అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు చింతామణిలో తమ్ముడి ఇంటి మేడ మీద ఉంటున్నాను.

ఈ మధ్య హోటలు కోర్సు చదివే పిల్లలు ఇద్దరు వచ్చి, "మేడం, ఈ పని ఎట్లుంటాది?" అని అడిగారు. జీతమెంత, ప్రమోషన్ ఎప్పుడు అనేవి కాలేజీలో ఎవరైనా చెప్తారు. ఈ పని చేస్తూ నేను నోరు తెరుచుకుని చూసినవి కొన్ని ఉన్నాయి. అవి మాత్రం ఇక్కడ రాస్తాను.

ఎంగిలి పళ్ళేల గొడవ

మాది బజారులో కిరాణా అంగడి. తాత, నాన్న, చిన్నాన్న, అందరూ అంగడి గల్లా వెనకాల కూర్చున్నవాళ్ళే. నేను బెంగళూరు పోయి హోటలు పని నేర్చుకుంటానంటే తాత అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"ఎవురో తిని లేసిపోతే మన ఇంటి ఆడబిడ్డ ఎంగిలి పళ్ళేలు ఎత్తాల్నా? మనకు ఏం తక్కువైందని?"

నాన్న నన్ను ఆపలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం చెప్పా పెట్టకుండా ఒకరోజు బెంగళూరు వచ్చాడు. హోటలు గేటు దగ్గర తలపాగా కట్టుకున్న మనిషి సలాం కొట్టేసరికి భయపడి రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాడట. హాల్లో వడ్డన నడిపించే మా కెప్టెన్ డిసౌజా గారికి ఆ సంగతి తెలిసి, ఆయనే రోడ్డు దాటి వెళ్ళి, నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కిటికీ పక్క టేబులు దగ్గర కూర్చోబెట్టారు. నాన్న చెప్పులు యాడ విడవాలని అడిగాడు. డిసౌజా గారు నవ్వలేదు. "మీకు ఎక్కడ విడవాలనిపిస్తే అక్కడ విడవండి" అన్నారు. నాన్న టేబులు కిందే విడిచి, కాళ్ళు పైకి మడుచుకుని కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. హాల్లో ఒక్కరు కూడా ఆయన వైపు వింతగా చూడకుండా డిసౌజా గారు ఏం మాయ చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊరికి తిరిగి వెళ్ళాక నాన్న తాతతో అన్న మాట అమ్మ నాకు ఫోన్లో చెప్పింది. "ఆడ ఎంగిలెత్తేది కాదప్పా. నైవేద్యం పెట్టినట్ల పెడతాండారు." ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నా పని గురించి మాట్లాడలేదు. తాత ఒక్కడే, నేను పండక్కి ఇంటికి పోతే, "ఏం పెట్టినావమ్మా ఈ తడవ జనానికి?" అని అడిగేవాడు.

సగం మనసుతో వచ్చేవాళ్ళు

కొండ కింద రెస్టారెంటుకి వచ్చాక నా పని పూర్తిగా మారిపోయింది. అక్కడ రెస్టారెంటు వెనకాల, బండలు తొలిచి మెట్లలా చేసిన ఆరుబయట రంగస్థలం ఉంది. శని, ఆదివారాల్లో అక్కడ ఏదో ఒకటి ఆడేవారు. నాట్యమైనా, నాటకమైనా, తోలుబొమ్మలైనా మేమందరం దాన్ని 'ఆట' అనే అనేవాళ్ళం. పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా జనం మా దగ్గర భోంచేసి, ఆట గంట మోగగానే లేచి బండల మీదికి పోవాలి.

మామూలు భోజనానికి వచ్చిన మనిషి మన చేతిలో ఉంటాడు. ఆట ముందు భోజనానికి వచ్చిన మనిషి మనసు సగం అప్పటికే బండల మీదికి ఎక్కి కూర్చుని ఉంటుంది. తొందర పెడితే కోపం, ఆలస్యం చేస్తే ఇంకా కోపం. వాళ్ళని తరిమినట్టు ఉండకూడదు, కానీ గంట మోగేసరికి చేతులు కడుక్కుని ఉండాలి. ముళ్ళు తీసుకుంటూ తినే చేప పెట్టకూడదు. పొగలు కక్కే పులుసు చివర్లో తేకూడదు. బిల్లు అడిగించుకోకూడదు, అట్లాగని స్వీటు నోట్లో పెట్టుకోకముందే ముందు పెట్టకూడదు. ఇవన్నీ చదువుకుంటే రావు. ప్రతి టేబులు దగ్గర ఒక్క క్షణం ఆగి, వాళ్ళు పళ్ళెం వైపు చూస్తున్నారా, కిటికీలోంచి బండల వైపు చూస్తున్నారా అని గమనిస్తే వస్తాయి.

ఒకసారి ద్రాక్షతోట ఆసామి ఒకాయన, పరగోడు నుంచి, ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చాడు. గంట మోగింది, అందరూ లేచారు, ఆయన మాత్రం బిర్యానీ ముందు నుంచి లేవలేదు.

"ఆట మొదలవుతాంది, రాండి" అని పెళ్ళాం లాగుతూ ఉంది.

"నువ్వు పోయి చూసి నాకు చెప్పు. నేను తిని నీకు చెప్తా" అన్నాడు ఆయన.

వడ్డించే మా స్టివార్డులు మూతులు బిగపట్టుకుని నవ్వు ఆపుకున్నారు. అట్లాంటి వాళ్ళని లేపడానికి ప్రయత్నించొద్దు. ఆయన ముఖంలో ఆ తృప్తి చూస్తే, బండల మీద ఆడేది ఆయనకి ఎందుకు అనిపించింది.

ఇంకో మాట. మా వైపు జనం తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి దూకుతారు, పెద్ద హోటల్లోకి అడుగు పెట్టగానే ఇంగ్లీషులోకి దూకుతారు. వాళ్ళు ఇంగ్లీషులో మొదలుపెట్టినా, మంచినీళ్ళు అడిగే భాష వేరేగా ఉంటుంది. ఆ భాషలోనే జవాబు చెప్పండి. భుజాలు కిందికి దిగి, కుర్చీకి ఆనుకుని కూర్చుంటారు. చేసేదేమీ లేదు, ఆ ఒక్క మాటే.

వెంకటరమణప్ప

మా వంటశాల పెద్ద వెంకటరమణప్ప. కెంచార్లహళ్ళి మనిషి. పెళ్ళిళ్ళలో గరిటె తిప్పడంతో మొదలుపెట్టి, ఓడల మీద వంట చేసి, ఎన్నో దేశాల వాళ్ళకి వండి పెట్టి, చివరికి ఇంటి దగ్గరికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, మాటకి ముందు చూపుతోనే కాల్చేసేవాడు. ఆయన గరిటె కింద పెట్టిన చప్పుడుని బట్టి ఆ పూట ఎట్లా ఉండబోతోందో మేము చెప్పేవాళ్ళం.

నేను చాలామంది వంటవాళ్ళతో పని చేశాను. చెయ్యి తిరిగినవాళ్ళు ఉన్నారు, పేరున్నవాళ్ళు ఉన్నారు. వెంకటరమణప్పలాగా వాసనతో వంట చేసిన మనిషిని మాత్రం చూడలేదు. పది పొయ్యిలు మండుతుంటే, వెనక్కి తిరిగి నిలబడి, "ఆ మూల ఆవాలు మాడతాండాయి" అనేవాడు. పోయి చూస్తే నిజంగానే నల్లబడుతూ ఉండేవి.

మనిషి కటువే. పళ్ళెంలో ఒక చుక్క పక్కకి జారితే పళ్ళెం వెనక్కి తెప్పించేవాడు. కొత్తగా చేరినవాళ్ళలో కొందరు ఏడ్చి వెళ్ళిపోయారు. అది సరైన పద్ధతి అని నేను అనను. భయంతో నేర్చుకున్న పని భయం పోగానే పోతుంది. ఆయనతో ఈ మాట చాలాసార్లు అన్నాను. "నువ్వు హాలు చూసుకోమ్మా, పొయ్యి నేను చూసుకుంటా" అనేవాడు.

ఆ శనివారం

చలికాలం, అనపకాయల రోజులు. ఆ సాయంత్రం తోలుబొమ్మలాట. బాగేపల్లి పక్క నుంచి ఒక కుటుంబం వచ్చి బండల మీద తెర కట్టుకుంటూ ఉంది. మా హాల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మా ఓనరు కూడా తన స్నేహితులని తీసుకొచ్చి మధ్య టేబులు దగ్గర కూర్చున్నారు.

కిటికీ పక్క టేబులుకి చింతామణి నుంచి బట్టల అంగడి నాగరాజ శెట్టి, ఆయన భార్య లలితమ్మ, కూతురు హర్షిత వచ్చారు. మా వీధికి రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. ముఖాలు ఎరుగుదును. ఆ పిల్ల సి.ఎ. పరీక్ష పాసయింది. నాగరాజ శెట్టి హాల్లోకి వస్తూనే ఆ సంగతి నాకు చెప్పాడు, కారు తాళాలు తీసుకున్న మనిషికి చెప్పాడు, నీళ్ళు పోసిన మనిషికి కూడా చెప్పాడు.

ఆ టేబులు చూసింది నరసింహులు. మా దగ్గర అందరికంటే పాత స్టివార్డు. హర్షిత కూర్చోగానే అతనితో అంది, "నాకు శెనక్కాయలు పడవండి. చిన్నప్పుడు ఒకసారి తిని ఆస్పత్రిలో పడినాను. కొంచెం చూసి పెట్టండి."

నాగరాజ శెట్టి నవ్వాడు. "మన సీమలో శెనక్కాయ పడనోళ్ళు ఉంటారా అని అందరూ ఎగతాళి చేస్తారప్పా. కానీ నిజంగానే పడదు."

నరసింహులు ఎగతాళి చెయ్యలేదు. నేరుగా వంటశాలలోకి వెళ్ళి అడిగాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"కిటికీ టేబులుకి శెనక్కాయ పడదంట సార్. మొదటి పళ్ళెంలో ఏమైనా ఉండాదా?"

"యాదాంట్లోనూ లేదు. పెట్టు పో" అన్నాడు వెంకటరమణప్ప.

మొదటి పళ్ళెం రాగి రొట్టె చిన్న చిన్న బిళ్ళలుగా కోసి, వాటి మీద పితికిపప్పు, అంటే నానేసి పొట్టు పితికిన అనపగింజల గుజ్జు, ఆపైన కొత్తిమీర. చూడ్డానికి నగ పెట్టెలో పెట్టినట్టు ఉండేది. హర్షిత రెండు తినింది. "అమ్మా, ఇది అవ్వ చేసిన కూర మాదిరే ఉండాది" అని తల్లి నోట్లో ఒకటి పెట్టింది. ఆ మాట విని నాకు సంతోషం వేసింది.

కాసేపటికి చూస్తే ఆ పిల్ల అరచేతులు బట్టకేసి రుద్దుకుంటూ ఉంది. గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది.

"పొరమారిందా? నీళ్ళు తాగు" అన్నాడు తండ్రి, వీపు తడుతూ.

నేను దగ్గరికి పోయేసరికి మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచి ఉన్నాయి. పెదవులు ఉబ్బుతూ ఉన్నాయి. "నాన్నా, గొంతు పట్టేస్తాంది" అంది. ఆ గొంతు కాసేపటి కిందట విన్న గొంతు కాదు. ఎవరో లోపలి నుంచి పిసికినట్టు సన్నగా, గీరుకుంటూ వచ్చింది.

వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని నరసింహులుకి చెప్పి, హాలు మధ్యలో నిలబడి గట్టిగా అడిగాను. "డాక్టర్లు ఎవరైనా ఉండారా?" తెలుగులో అడిగాను, కన్నడంలో అడిగాను, ఇంగ్లీషులో అడిగాను. చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ లేవలేదు. వెనక టేబులు దగ్గర ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

"నేను డాక్టర్నేనమ్మా. కానీ పశువుల డాక్టర్ని."

మిట్టేమరి పక్క పనిచేసే రేణుక ఆమె. స్నేహితురాళ్ళతో బొమ్మలాట చూడ్డానికి వచ్చింది. హర్షిత ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు, పెదవులు చూసి, వీపు మీద చెవి పెట్టి విని, నా వైపు తిరిగింది. అప్పటిదాకా ముఖంలో ఉన్న బెరుకు పోయింది.

"పడుకోబెట్టండి. కాళ్ళు ఎత్తు మీద పెట్టండి. నా జీపులో బ్యాగుండాది, దాంట్లో దీనికి కావాల్సిన మందుండాది" అని చెప్పి, చెప్పులు విడిచేసి బయటికి పరిగెత్తింది.

నేను, నరసింహులు రెండు టేబుళ్ళ మీది గుడ్డలు లాగి నేల మీద పరిచి పిల్లని పడుకోబెట్టాం. గుడ్డలతో పాటు గ్లాసులు కిందపడి పగిలాయి. ఎవరూ వాటివైపు చూడలేదు. రేణుక తిరిగి వచ్చేసరికే ఫోను చెవికి ఆనించుకుని ఉంది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుతో మాట్లాడుతూ, ఫోను మాట అందరికీ వినబడేట్టు పెట్టి నేల మీద ఉంచింది. సీసా మీది పేరు చదివి వినిపించింది. ఎంత ఎక్కించాలో ఇద్దరూ ఒకటే చెప్పారు. "తొడకి ఇవ్వండి మేడం, ఆలస్యం చేయొద్దు" అన్నాడు అవతలి డాక్టరు.

నాగరాజ శెట్టి రేణుక చెయ్యి పట్టుకున్నాడు. "పశువులకేసే మందు నా బిడ్డకేస్తావామ్మా?"

"మందు ఒకటేనప్పా. ఆవుకైనా మనిషికైనా ఇదే. కొలత వేరే, అంతే."

ఆయన చెయ్యి వదల్లేదు. వచ్చినప్పటి నుంచి పట్టుమని నాలుగు మాటలు మాట్లాడని లలితమ్మ అప్పుడు భర్త వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"వెయ్యమ్మా. కన్నదాన్ని, నేను చెప్తాండా. వెయ్యి."

నేను, లలితమ్మ చెరో కొసా పట్టుకుని టేబులు గుడ్డని తెరలాగా ఎత్తి పట్టుకున్నాం. రేణుక సూది వేసింది.

ఆ తర్వాతి నిమిషాల గురించి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. బెంగళూరులో పెద్ద పెద్ద విందులు చూశాను. షాండిలియర్ల కింద వందలమంది ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టడం చూశాను. అంత నిశ్శబ్దం మాత్రం ఎక్కడా వినలేదు. హాలంతా లేచి నిలబడి ఉంది. అందరి చూపూ ఒక పిల్ల ఎదురొమ్ము మీదే. ఆ రొమ్ము పైకి లేవడానికి తంటాలు పడుతూ ఉంది. లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది, ఈసారి కొంచెం సులువుగా. గీరుకుంటున్న చప్పుడు పలచబడింది. బూడిద రంగుకి తిరిగిన పెదవులకి ముందు అంచుల్లో, తర్వాత మధ్యలో రంగు వచ్చింది. తెల్లవారేటప్పుడు కొండ మీద వెలుగు దిగుతూ వచ్చినట్టు, నా కళ్ళ ముందే ఆ ముఖంలోకి ప్రాణం దిగివచ్చింది.

అప్పుడే ఆట గంట మోగింది. ఒక్కరు కూడా కదల్లేదు.

"ఉండాది. నేనే వేసినా"

"మేడం, ఏం తినింది? శెనక్కాయ ఉందా దాంట్లో?" కింద పెట్టిన ఫోనులోంచి డాక్టరు అడిగాడు.

"లేదు సార్. నేను అడిగే పెట్టినాను" అన్నాడు నరసింహులు.

"మరి దేనికి ఇట్లయింది? కారణం తెలిస్తే మంచిది. ఇది తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావచ్చు."

వంటశాల తలుపు దగ్గర వెంకటరమణప్ప నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. మా ఓనరు కూడా ఆయన్ని చూశారు. గబగబా వెళ్ళి మోచెయ్యి పట్టుకుని, "వెంకటరమణా, లోపలికి పో. ఇప్పుడేం మాట్లాడొద్దు" అని గొణిగారు. హాలు అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి నాకు వినబడింది. ఓనరుని తప్పుపట్టను. హాలు నిండా జనం, రేపు ఎవరేం అంటారో అన్న భయం. భయపడ్డ మనిషి అట్లానే మాట్లాడతాడు.

వెంకటరమణప్ప ఆ చేతిని మెల్లగా తీసేసి హాలు మధ్యలోకి వచ్చాడు. హాల్లోకి అడుగు పెట్టడం ఆయనకి అలవాటు లేదు. ఎన్నిసార్లు అతిథులు పిలిచినా వచ్చేవాడు కాదు. నేల మీది ఫోనుకి వినబడేట్టు వంగి, పెద్దగా చెప్పాడు.

"శెనక్కాయ ఉండాది సార్. గానుగ నూనె. మా ఊరినించి మద్దేన్నమే తెచ్చినా. వాసన బాగుంటాదని రొట్టె మీద నాలుగు చుక్కలు పోసినా. ఈయప్ప వచ్చి అడిగితే లేదని చెప్పినా. గింజల్ని తలుచుకున్నా గానీ నూనె నా బుర్రకు తట్టలా."

తర్వాత నాగరాజ శెట్టి వైపు తిరిగాడు. "నీ బిడ్డకు నా చేత్తో పెట్టినానప్పా. తప్పు నాది. నరసింహులుది కాదు."

అంతలో అంబులెన్సు వచ్చింది. రేణుక చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లతో పాటు ఎక్కింది.

బండి పోయాక వెంకటరమణప్ప లోపలికి పోలేదు. మొదటి టేబులు దగ్గరికి పోయి నిలబడి, "మీరు తిన్నదాంట్లో శెనక్కాయ నూనె ఉండాది. పడనోళ్ళు ఎవురైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు. తర్వాత రెండో టేబులు. అట్లా ప్రతి టేబులూ తిరిగాడు. మనుషులు ఆయన ముఖంలోకి చూసి, లేదని తలలు ఊపారు. ఒక ముసలాయన మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నాకు వంట చేసేవాళ్ళ మీద గౌరవం ఎప్పుడూ ఉంది. ఆ పూట ఆ పొడుగాటి మనిషి, తల వంచుకుని, తనని చూడాలని ఎప్పుడూ అనుకునే జనం ముందు ఒక్కొక్కరి దగ్గరా నిలబడుతుంటే, మనిషి అంత నిటారుగా కూడా ఉండగలడా అనిపించింది.

బొమ్మలాట వాళ్ళు జనం ఎందుకు రావడం లేదో చూద్దామని వచ్చి, సంగతి విని, అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయారు. రేణుక ఆస్పత్రి నుంచి ఫోన్ చేసేదాకా తెర వెనకాల దీపం వెలిగించలేదు.

"పిల్ల మాట్లాడతాంది మేడం" అంది రేణుక. "కళ్ళు తెరిచి ఏమడిగిందో తెలుసా? ఆట మొదలైపోయిందా అని."

ఆ మాట వంటశాలలో చెప్పాను. వెంకటరమణప్ప బియ్యం మూట మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని బిడ్డలాగా ఏడ్చాడు. ఆయనంటే గడగడలాడేవాళ్ళంతా చుట్టూ చేరి, ఎట్లా ఓదార్చాలో తెలియక ఊరికే నిలబడ్డారు.

మర్నాడు

ఓనరు ఆయన్ని తీసేయాలనుకున్నారు. తప్పు చేసినందుకు కాదు, అందరి ముందూ చెప్పినందుకు. వెంకటరమణప్ప కూడా పెట్టె సర్దుకున్నాడు. మధ్యాహ్నం నాగరాజ శెట్టి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొడవ పెట్టుకోవడానికి వచ్చాడనుకుని మేమందరం బిగుసుకుపోయాం.

"నేను అంగడోణ్ణి సార్" అన్నాడు ఓనరుతో. "సరుకులో లోపముంటే బేరగాడు అడక్కముందే చెప్పే అంగడోణ్ణి నేను ఒకరిద్దర్ని కూడా చూడలా. నాకు నిన్న ఈయప్పను కొట్టాలనిపించింది. ఇప్పుడు కూడా కోపం పోలేదు. కానీ ఆస్పత్రిలో మళ్ళీ ఒకసారి ఊపిరి పట్టేసింది. కారణం తెలిసే ఉండింది కాబట్టి డాక్టర్లు కాచుకుని ఉండారు. ఈయప్ప నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఈయప్పను తీసేస్తే మాత్రం చింతామణిలో మీ హోటలు గురించి నేను మంచిమాట చెప్పను."

వెంకటరమణప్ప పెట్టె మళ్ళీ లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి హాలు తెరవకముందు వంటవాళ్ళంతా నిలబడి, ప్రతి వంటకంలో ఏమేం పడిందో, నూనెతో సహా, గట్టిగా చెప్పాలి. స్టివార్డులు విని మళ్ళీ చెప్పాలి. కొత్త సరుకు ఏది గడప దాటి వచ్చినా, అది వెంకటరమణప్ప తెచ్చిందైనా సరే, ముందు నాకు చూపించాలి. మొదటివాడిగా ఆయనే చూపించేవాడు. ఊళ్ళో డాక్టరు వచ్చి మాకందరికీ ఇట్లాంటప్పుడు ఏం చెయ్యాలో నేర్పారు.

పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే. ఎవరైనా ఫలానాది నాకు పడదు అంటే అది నాజూకు కాదు, గొప్ప కాదు. ఆ మనిషి తన ప్రాణాన్ని మీ చేతిలో పెడుతూ ఉంది. ఎంత అనుభవం ఉన్నవాణ్ణి "ఉందా?" అని అడిగినా, "లేదు" అనే మాట విని ఊరుకోవద్దు. "ఏమేం వేశారు?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకీ మధ్య ఒక పిల్ల ఊపిరి ఉంది. వాళ్ళు మిమ్మల్ని తిట్టినా సరే, అడగండి.

మళ్ళీ వచ్చినప్పుడు

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం నాగరాజ శెట్టి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ పిల్ల ఒకటే పోరు పెడతాంది. ఆట చూడాలంట. మీ దగ్గరే తినాలంట. నేను వద్దంటాండా, లలిత కూడా దాని పక్కే."

వచ్చారు. రేణుకని కూడా పిలుచుకొచ్చారు. హర్షిత కొంచెం చిక్కింది, అంతే. నన్ను చూసి నవ్వింది. కూర్చోకుండా, "ఆయన్ని చూడాల" అంది.

నేను వంటశాలలోకి తీసుకెళ్ళాను. వెంకటరమణప్ప ఆమెని చూసి రెండు చేతులూ తుండుగుడ్డకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఆ పిల్లే మొదలుపెట్టింది.

"ఏం వండినారు నాకు?"

ఆయన ఒక్కొక్క డబ్బా దించి, మూతలు తీసి చూపించాడు. బియ్యం, పప్పు, పొద్దుతిరుగుడు నూనె, జీలకర్ర, చింతపండు. ఆమెకి వండిన కడాయి అంగట్లోంచి కొత్తగా తెచ్చింది. ఆ పూట వంటశాలలో శెనక్కాయ అన్నది లేకుండా చూసి, గరిటెలన్నీ తనే కడిగానని చెప్పాడు. ఆమె అన్నీ చూసింది. దేన్నీ తొందరగా దాటవేయలేదు.

హాల్లో కూర్చున్నాక పళ్ళెం ఆయనే తెచ్చి పెట్టాడు. పెట్టి వెనక్కి పోలేదు. వంటవాళ్ళందరూ తలుపులోంచి చూస్తున్నారు. నరసింహులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లలితమ్మ కళ్ళు మూసుకుంది. రేణుక తన బ్యాగుని కుర్చీ పక్కనే పెట్టుకుంది.

హర్షిత ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. అంత పెద్ద హాల్లో ఆమె నమిలే చప్పుడు నాకు వినబడింది. మింగింది. కాసేపు ఊరికే కూర్చుంది. మేమంతా ఆమె మెడ వైపే చూస్తున్నాం.

"ఏమప్పా" అంది తల ఎత్తి, "ఉప్పు కొంచెం తక్కువైనట్లుండాదే?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నాగరాజ శెట్టి నవ్వాడు, లలితమ్మ కళ్ళు తెరిచి నవ్వుతూ ఏడ్చింది, వంటశాల తలుపు దగ్గర ఎవరో పెద్దగా ఈల వేశారు. ఉప్పు తెద్దామని నేను కదిలేలోగానే వెంకటరమణప్ప పరిగెత్తాడు. ఆ వయసులో, ఆ పొడుగు మనిషి, అతిథులందరి మధ్యలోంచి పరిగెత్తి, ఉప్పు గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి ఆమె పళ్ళెం పక్కన పెట్టాడు.

"వేసుకో తల్లీ. నీకు ఎంత గావాలంటే అంత వేసుకో."